ఆదివారం ఎవరిది?

ఒంగోలు ప్రాంతపు మాదిగపల్లెల్లో 1866 తర్వాత తనలో చేరవచ్చినవాళ్ళకు అమెరికన్ బాప్టిస్టు మిషను మూడు నియమాలు పెట్టింది. ఆదివారంనాడు పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. ఈ మూడింటిలో మనవాళ్ళ చూపు ఎక్కువగా చివరిదానిమీద నిలిచింది. మతం మారటమంటే దేవుడు మారటమే గదా అనుకున్నారు. సంస్కర్తలు రెండోదాన్ని పట్టుకుని శుచిశుభ్రాల గురించి నాలుగు మంచిమాటలు చెప్పారు. మొదటి నియమం ఏదో పాదిరి ఆచారంలాగా పక్కన పడిపోయింది. నా ఉద్దేశంలో పల్లెకూ ఊరికీ మధ్య అసలు తగువు తెచ్చింది ఆ మొదటి నియమమే. మాదిగవాడు విగ్రహానికి మొక్కకపోతే ఆసామికి వచ్చే నష్టమేమిటి? ఆయన అతన్ని గుడిలోకి ఎప్పుడు రానిచ్చాడు గనక? ఏడు రోజులకొకరోజు పనికి రానన్నవాడితోనే ఆయనకు పేచీ.

ఈ చరిత్రను చెప్పే తీరులు మనకు ముఖ్యంగా రెండు ఉన్నాయి. మిషను గ్రంథాలు దీన్ని పరిశుద్ధాత్మ జయగాథగా చెబుతాయి. ఊళ్ళో పెద్దమనుషులూ, వారి మాట విన్న కొందరు చదువుకున్నవాళ్ళూ దీన్ని కూటికోసం మతం మార్చుకున్న కథగా చెబుతారు. ఈ రెండో కథ విచిత్రంగా మన అభ్యుదయవాదుల నోట గూడా అప్పుడప్పుడు వినిపిస్తుంది. మతం మత్తుమందు అనే మాటను మనం ఎంత తేలికగా వాడతామంటే, ఆ మాట రాసిన పుటలోనే మతాన్ని నిజమైన బాధకు వ్యక్తరూపమనీ, ఆ బాధమీద నిరసన అనీ గూడా మార్క్సు చెప్పినట్టు గుర్తే ఉండదు. 1844 నాటి ఆ వాక్యాన్ని సగం చేసి వాడుకోవటంలో మనకు దొరికిన సౌకర్యం ఒకటే: పల్లెలో ఆదివారం పూట ఏం జరిగేదో పోయి చూడవలసిన పని తప్పింది.

అది చూడాలంటే ముందు మాదిగవాడి వారమెలాంటిదో చూడాలి. నిజానికి అతనికి వారమనేది లేదు. ఊరికి గొడ్డు చస్తే మోయటం, చర్మం ఒలిచి ఊనటం, రైతులకు చెప్పులు కుట్టటం, మోటబావికి తోలు బొక్కెన చేసి ఇవ్వటం, అది చినిగితే అతుకు వేయటం, జాతరకూ చావుకూ పెళ్ళికీ డప్పు కొట్టటం, సర్కారు ఉద్యోగి వస్తే వెట్టికి పోవటం, ఇవిగాక దుక్కిలో, ఊడ్పులో, కోతలో చాకిరి. దీనికి ప్రతిఫలం రోజు లెక్కన రాదు. పంట కాలంలో కళ్ళం మీద ఇచ్చే మేర, పండగనాడు పారేసే అన్నం, చచ్చిన గొడ్డు మాంసం, ఇదీ జీతం. రోజుకూలి అయితే ఒకరోజు మానినవాడు ఒకరోజు కూలి పోగొట్టుకుంటాడు. మేర తీసుకునేవాడి కాలానికి అలాంటి విభజన లేదు. సంవత్సరం మొత్తం, రాత్రీ పగలూ, ఊరిదే. కనుమనాడు ఎడ్లకు గూడా సెలవు ఇచ్చి, కొమ్ములకు రంగులు పూసి ఊరేగించే దేశం మనది. ఆ ఊరేగింపు ముందు డప్పు కొట్టేవాడికి మాత్రం కనుమనాడు గూడా సెలవు లేదు.

ఇలాంటి మనిషి ఒకనాడు, ఫలానా రోజు నాది, ఆ రోజు నేను రాను, అన్నాడు. చచ్చిన గొడ్డు మాంసం వద్దన్నప్పుడు అతను వదులుకున్నది తన జీతంలో ఒక భాగం. తీసుకోని జీతానికి చేయవలసిన చాకిరి గూడా ఉండదనే వాదం దానిలో ఇమిడి ఉంది. జాతరలో డప్పు కొట్టనన్నది విగ్రహారాధన మానటంలో భాగంగా వచ్చింది. అంటే మూడు నియమాలూ పైకి మతనియమాలు. విప్పి చూస్తే మూడూ వెట్టికట్టు మీద దెబ్బలే. మిషను వారు ఈ సంగతి ముందే ఆలోచించి పెట్టారని నేను అనను. వారు తమ దేశపు ప్యూరిటను ఆచారం వెంట తెచ్చుకున్నారు. అది ఇక్కడి నేలమీద పడేసరికి వేరే విత్తనమయింది.

ఆ మిషను మొదట ఎంత చిన్నదో గూడా చెప్పాలి. శామ్యూల్ డే 1836లో తెలుగుదేశానికి వచ్చి 1840లో నెల్లూరులో నిలిచాడు. పాతికేళ్ళపాటు చేరినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. అమెరికాలో ఉన్న సంఘంవారు దీన్ని మూసేద్దామా అని ఒకటికి రెండుసార్లు చర్చించుకున్నారు. జాన్ క్లో అనే ఆయన, అమెరికాలో భూములు కొలిచే సర్వేయరుగా పనిచేసినవాడు, 1866లో ఒంగోలు చేరాడు. అప్పటికి అది నెల్లూరు జిల్లాలోది. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిదిమంది.

ఆ జనవరిలోనే తాళ్ళకొండపాడు దగ్గర జరిగిన కూటాన్ని నేను ఈ చరిత్రకు అసలు ఆరంభమనుకుంటాను. అక్కడి ఎర్రగుంట్ల పేరయ్య తోలు వ్యాపారం చేసే మాదిగ. 1866లో బాప్తిస్మం పొందాడు. తరువాత తన చుట్టుపక్కల పల్లెల్లో తనకు తెలిసింది తానే చెప్పుకుంటూ తిరిగాడు. క్లో అక్కడికి పోయి డేరా వేసేసరికి జనం వంటకుండలూ గింజలూ మూటకట్టుకు వచ్చి చెట్లకింద దిగిపోయి ఉన్నారు. కొన్ని రోజులు అక్కడే వండుకు తింటూ, వింటూ, అడుగుతూ, పాడుతూ గడిపారు. చివర 28 మంది బాప్తిస్మం పొందారు. పాదిరి వచ్చి జనాన్ని పోగుచెయ్యలేదు. జనం పోగయి పాదిరికోసం చూశారు.

ఈ పోగవటం వాళ్ళకు ఎలా వచ్చింది? దీనికి సమాధానం ఎమ్మా రౌషెన్‌బుష్ క్లో 1899లో ప్రకటించిన పుస్తకంలో దొరుకుతుంది. ఆమె క్లో రెండో భార్య, అమెరికాలో క్రైస్తవ సామ్యవాదానికి పేరుపడ్డ వాల్టర్ రౌషెన్‌బుష్‌కు అక్క. స్త్రీల హక్కుల కోసం రాసిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద సిద్ధాంత వ్యాసం రాసి డాక్టరు పట్టం పొందిన విదుషి. మాదిగపల్లెల ముసలివాళ్ళను కూర్చోబెట్టుకుని ఆమె విన్న కథల్లో పోతులూరి వీరబ్రహ్మం పేరు వస్తుంది. నాసరయ్య అనే యోగి శిష్యుల కథ వస్తుంది. బండికట్ల వీరమ్మ అనే గురువమ్మ వస్తుంది. పేరయ్య క్రైస్తవుడు కాకముందు ఈ రాజయోగుల మార్గంలో నడిచినవాడు. రాత్రిపూట గురువు చుట్టూ చేరి తత్వాలు పాడుకోవటం, కులం చూడని ఒక దేవుణ్ణి గురించి మాట్లాడుకోవటం, విగ్రహం లేని పూజ, ఇవన్నీ పల్లెకు అమెరికా ఓడ మీద దిగినవి కావు. అమెరికా నుంచి వచ్చింది వాటికి ఒక తేదీ. పాత కూటం గురువు వచ్చినప్పుడు జరిగేది. కొత్త కూటం ఏడోనాడు జరిగేది, గురువు వచ్చినా రాకపోయినా. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని, ఏ సంఘం కట్టినవారినైనా అడగండి, తప్పకుండా జరిగే కూటానికీ, వీలున్నప్పుడు జరిగే కూటానికీ ఎంత దూరమో చెబుతారు.

మిషను గ్రంథాల్లో ఇంకొక ఘట్టం తరుచుగా కనిపిస్తుంది. ఒంగోలులో మొదటిరోజుల్లో కొందరు బ్రాహ్మణులు, కోమట్లు క్లో బడికి బిడ్డలను పంపి, తాము గూడా సానుకూలంగా ఉన్నట్టు కనిపించారు. మాదిగలు రావటం మొదలు కాగానే వాళ్ళను చేర్చుకుంటే మేము రామన్నారు. క్లో దంపతులు వేరువేరు గదుల్లో కూర్చుని, వేరువేరు పుస్తకాలు తెరిస్తే, ఇద్దరికీ పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం కనిపించిందట. లోకం తృణీకరించినవాళ్ళనే దేవుడు ఎన్నుకున్నాడనే భాగం అది. అద్భుతాన్ని అద్భుతం నమ్మేవాళ్ళకు వదిలేద్దాం. నిర్ణయం మాత్రం చరిత్ర. ఎవరి పక్క కూర్చోవాలనే ప్రశ్న ఎదురైనప్పుడు ఆ సంఘం పల్లె పక్క కూర్చుంది. కాంగ్రెసు పుట్టటానికి పద్దెనిమిదేళ్ళ ముందు.

ఇక తగువు సంగతి. క్లో స్వీయచరిత్ర 1914లో వచ్చింది. మూడు నియమాలూ పల్లెలకు తెచ్చిన కష్టాలను ఆయన దాచుకోలేదు. బావి దగ్గరికి రానివ్వకపోవటం, అంగడిలో సరుకు అమ్మకపోవటం, పని మానిపించటం, కరణం మునసబులు కలిసి దొంగకేసులు పెట్టటం, ఊరు పల్లెమీద పట్టే ఉక్కిరిబిక్కిరి ఎలా ఉంటుందో తెలుగు పాఠకుడికి వివరించనక్కర్లేదు. కోతల కాలంలో వచ్చే ఆదివారం ఎలాంటిదో ఊహించండి. పంట పొలంలో నిలిచి ఉంది, మబ్బు పట్టింది, కోసేవాళ్ళు చెట్టుకింద కూర్చుని కీర్తనలు పాడుకుంటున్నారు. ఆసామికి ఒళ్ళు మండదూ? ఆ మంటలో మతద్వేషం పాలెంత, పనివాడు చెయ్యి దాటిపోతున్నాడనే భయం పాలెంత అన్నది విడదీయటం కష్టం. నాకు రెండోదే పెద్దదిగా కనిపిస్తుంది.

ఆదివారాన్ని ఎంచుకోవటంలో ఇంకొక బలం ఉంది. అది ఏలినవారి సెలవు. కలెక్టరు కచేరీ, కోర్టు, ఖజానా మూతపడే రోజది. మాదిగవాడు శుక్రవారమో మంగళవారమో తనదన్నట్టయితే అతని మాట ఊరి పొలిమేర దాటేది కాదు. ఆదివారం అనేసరికి కలెక్టరు దొరకూ అతనికీ ఒకేరోజు సెలవయింది. మునసబుకు ఇది మింగుడుపడని సంగతి. దెబ్బతిన్నవాడు పాదిరి దగ్గరికి పోవచ్చు, పాదిరి కలెక్టరుకు ఉత్తరం రాయవచ్చు. పరాయి ప్రభుత్వపు గొడుగు కింద దొరికిన నీడ ఇది. దీన్ని సామ్రాజ్యవాదంతో కుమ్మక్కుగా కొట్టిపారేసేవాళ్ళకు నాదొక ప్రశ్న: 1867లో ఆ పల్లెకు వేరే నీడ ఎక్కడుంది? చూపించండి.

అదే ఆదివారం దాని పుట్టింట్లో ఎవరి చేతిలో ఎలా ఉండేదో గూడా తెలుసుకోవాలి. ‘కాపిటల్’ మొదటి సంపుటంలో పనిదినాన్ని గురించిన అధ్యాయంలో మార్క్సు ఒక పాదసూచిక పెట్టాడు. ఇంగ్లండు పల్లెల్లో కూలివాడు ఆదివారంనాడు తన ఇంటిముందు తోటలో తవ్వుకుంటే విశ్రాంతిదినాన్ని అపవిత్రం చేశాడని జైలులో పెట్టేవారు. అదే కూలివాడు లోహం, కాగితం, గాజు కార్ఖానాల్లో ఆదివారం పనికి రాకపోతే, తన మతవిశ్వాసంవల్లనే రాకపోయినా సరే, ఒప్పందం తప్పాడని శిక్షించేవారు. అంటే ఆదివారం దేవుడిది అనే మాటను ఎవరు అమలు జరుపుతున్నారన్న దానిమీద దాని అర్థం ఆధారపడి ఉంది. ఆ సంపుటం అచ్చయింది 1867లో. తాళ్ళకొండపాడు కూటం జరిగిన సంవత్సరమే. రెండింటికీ సంబంధం ఉందనను. ఒకే ప్రశ్న రెండుచోట్ల లేచిందంటాను.

మనదేశంలో ఆదివారం సెలవు గురించి మాట్లాడితే బొంబాయి మిల్లు కార్మికుల పేరు చెప్పుకుంటాం, చెప్పుకోవలసిందే. ఫూలే అనుచరుడు నారాయణ మేఘాజీ లోఖండే నడిపిన ఆందోళన ఫలితంగా 1890 జూన్‌లో మిల్లు యజమానులు వారానికొకరోజు సెలవుకు ఒప్పుకున్నారు. 1881 ఫాక్టరీ చట్టం పిల్లలకు నెలకు నాలుగు సెలవులు మాత్రమే ఇచ్చింది. పెద్దవాళ్ళకు వారపు సెలవు 1891 చట్టంతో వచ్చింది. దానికి ఇరవై ఏళ్ళ ముందే ఒంగోలు చుట్టూ ఉన్న పొలాల్లో, యంత్రం చప్పుడు వినని జనం, ఏ చట్టమూ లేకుండా ఆ రోజు తీసుకున్నారు. ఇవ్వమని అడగలేదు. కార్మికోద్యమ చరిత్రల్లో దీనికి చోటు దొరకకపోవటానికి కారణం అది ప్రార్థన పేరుతో జరగటమే.

1876 - 78ల ధాతు కరువు వచ్చింది. ప్రభుత్వం కరువుపనిగా బకింగ్‌హాం కాలవ తవ్వించింది. అందులో మూడున్నర మైళ్ళు తవ్వించే కంట్రాక్టు క్లో తీసుకున్నాడు. సర్వేయరు విద్య అక్కడ పనికొచ్చింది. బోధకులే మేస్త్రీలు. మన్ను మోసేవాళ్ళు వేలు. కూటికోసం కలిశారన్న మాట ఇక్కడనే పుట్టింది. కాని కరువు సహాయం నడిచినంతకాలం, ఏడాదికి పైగా, క్లో బాప్తిస్మాలు ఆపివేశాడు. తిండికోసం వస్తారనే అనుమానం ఆయనకూ ఉంది గనకనే ఆపాడు. పని అయిపోయి, పంచటానికి డబ్బు లేని రోజు వచ్చాక, 1878 జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టాడు. జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది. మూడురోజుల్లో 3,536. సెప్టెంబరు మధ్యకు 9,606. ఈ అంకెలు అమెరికాలో చందాలు పోగుచేయటానికి బాగా ఉపయోగపడ్డాయి. ఆకలికీ విశ్వాసానికీ మధ్య గోడకట్టి, వీళ్ళు ఏ పక్క, అని అడగటమే నాకు తప్పుగా తోస్తుంది. కరువులో ఊరు వాళ్ళను చావటానికి వదిలేసింది, కాలవగట్టు మీద కూలీ ఇచ్చి పేరుపెట్టి పిలిచినవాడు ఒకడు కనిపించాడు. ఆ రెండూ చూసిన మనిషి ఒక నిర్ణయం చేసుకుంటే అది బుద్ధి ఉన్నవాడి నిర్ణయమే. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ (2000) నవల ఈ కరువునూ ఈ కాలవనూ పల్లె పక్కనుంచి చూపింది. చరిత్ర పుస్తకాలకంటె ముందే చూపిందనిపిస్తుంది నాకు.

పదివేలమంది ఒక్కసారి చేరితే ఆదివారం కూటం ఎవరు నడుపుతారు? దొరలు ఇద్దరో ముగ్గురో. పల్లెలు వందలు. నడిపింది పల్లెలే. నాలుగు అక్షరాలు వచ్చిన ఉపదేశి ఒకడు, అతను లేనిచోట పల్లెపెద్ద. వేపచెట్టుకింద, తరువాత తాటాకు పాకలో. మిగిలిన పనిదినాల్లో పగలు ఆసామిది గనక రాత్రి దీపం పెట్టుకుని ప్రార్థన కూటం. చదవటం రానివాళ్ళు వాక్యాలు కంఠస్థం చేసేవారు. కానుకంటే డబ్బు కాదు; ఆడవాళ్ళు వండబోయే ముందు తీసిపెట్టిన పిడికెడు గింజలు, ఒక కోడిగుడ్డు, పంటకాలంలో ఒక చాటెడు ధాన్యం. ఇచ్చేవాడే గాని పుచ్చుకునేవాడుగా మాత్రమే బతికినవాడు ఇవ్వటంలో పొందే గౌరవాన్ని మనం చందా పుస్తకాలు పట్టుకు తిరిగినవాళ్ళం అర్థం చేసుకోగలం. మేర కోసం చెయ్యిచాచిన వాడే ఇక్కడ చెయ్యి విప్పి వేస్తున్నాడు. మూడునెలలకొకసారి బోధకులూ, వారితో కొందరు పల్లెజనమూ ఒంగోలు నడిచిపోయి తమ తమ పల్లెల సంగతులు చెప్పుకునేవారు. ఎక్కడ ఎవర్ని కొట్టారో, ఎక్కడ ఏ కరణం ఏం చేశాడో ఒక పల్లె కబురు ఇంకొక పల్లెకు చేరే దారి అలా ఏర్పడింది.

బాప్టిస్టుల సిద్ధాంతం ప్రకారం సంఘానికి అధికారం సంఘానిదే. ఒకణ్ణి చేర్చుకోవాలన్నా, తప్పుచేసినవాణ్ణి వెలివేయాలన్నా సభ్యులు కూర్చుని సమ్మతి చెప్పాలి. ఓటనే మాట పల్లె చెవిన 1952 ఎన్నికలతో పడిందనుకుంటాం. చెయ్యెత్తి ఔననటం కాదనటం అంతకు ముందే వాళ్ళకు అలవాటయింది. దీన్ని ఎక్కువచేసి చెప్పటం నాకిష్టం లేదు. జీతమిచ్చే దొర మాటకు ఎదురు చెయ్యెత్తే ఉపదేశులు ఎంతమంది? సిద్ధాంతంలో సంఘం, ఆచరణలో బంగళా. పాలేరు ఆసామిని దొర అన్నాడు, క్రైస్తవుడు పాదిరిని దొర అన్నాడు. భూమి అడగవలసిన చోట దయ అడగటం నేర్పింది మిషను. బడి పెట్టింది, ఆసుపత్రి పెట్టింది, భూమి ఎవరిదనే ప్రశ్నదాకా మాత్రం తన కూటాన్ని నడవనీయలేదు. వ్యవసాయకూలీ సంఘాలు 1930ల నుంచి పల్లెలకు వచ్చినప్పుడు పాదిరులలో చాలామంది వాటిని దెయ్యాన్ని చూసినట్టు చూశారు. అయినా ఆ సంఘాల కరపత్రం పల్లెలో దీపం దగ్గర చదివినవాడికి చదువెక్కడ వచ్చిందని విచారిస్తే సండే స్కూలు తలుపు దగ్గరికి చేరుతాం.

కూటంలో ఎవరు ఎక్కడ కూర్చుంటారన్నది వేరే కథ. దక్షిణాన తంజావూరు, మద్రాసు వేపేరి సంఘాల్లో కులంవారీగా కూర్చోవటం, ప్రభుభోజనానికి పైకులంవారు ముందు రావటం పాత ఆచారం. 1833లో బిషప్ డేనియల్ విల్సన్ అది కూడదని ఉత్తరువు చేస్తే వందలమంది సంఘం వదిలి పోయారు గాని పీట వదలలేదు. మన వైపు ఆ తగువు అంత పెద్దగా పుట్టకపోవటానికి కారణం ఔదార్యం కాదు. పైకులాలు ఆ కూటానికి రాకపోవటం. ఫాదర్ హయ్యర్ 1842లో వచ్చి నిలిపిన గుంటూరు లూథరను సంఘం ఎక్కువగా మాలలది, ఒంగోలు బాప్టిస్టు సంఘం ఎక్కువగా మాదిగలది. రెండు పల్లెల మధ్య ఉన్న గీత రెండు మిషన్ల సరిహద్దుగా మారి, దేవుడి పేరుతో మరింత గట్టిపడింది. 1912లో డోర్నకల్ బిషప్ అయిన అజరయ్య, ఆంగ్లికను సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు, ఒకే పాత్రలో అందరూ తాగాలని పట్టుబట్టాడు. పాత్ర ఒకటయింది, పెళ్ళిళ్ళు మాత్రం చాలావరకు ఎవరి పల్లెలో వాళ్ళవే.

పాట సంగతి చెప్పకుండా ఆరాధన సంగతి చెప్పటం కుదరదు. పురుషోత్తమ చౌదరి (1803 - 1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడయి, రాగతాళాలు కూర్చి తెలుగులో కీర్తనలు రాశాడు. అవి మిషన్ల హద్దులు దాటి అన్ని సంఘాల్లోకీ పోయాయి. సంగీతం పాఠంగా చెప్పటానికి ఎవరూ ఒప్పుకోని జనం కర్ణాటక రాగాల్లో ఆదివారం ఆదివారం గొంతులు కలిపారు. ఒక్కడు పాడితే అందరూ వినటం గాదు, అందరూ పాడటం. ఇది లాభం. నష్టం డప్పు. విగ్రహాల ముందు కొట్టినదని డప్పును బయట పెట్టారు. వెట్టిగా కొట్టటం మానటం మంచిదే. కాని ఆ చర్మం మీద తరతరాలుగా నిలిచిన దరువులు గూడా వెట్టితోపాటు పాపమయిపోయాయి. చేసినవాడి చేతికే చెప్పులూ డప్పూ రెండూ సిగ్గుగా కనిపించేటట్టు చేసింది ఆ కూటం. 1994 జులైలో ఒంగోలుకు దగ్గరలోనే, ఈదుమూడిలో, మాదిగ దండోరా పుట్టి డప్పును జెండాగా పట్టుకుంది. పట్టుకున్నవాళ్ళలో ఆదివారం కూటాల్లో పెరిగినవాళ్ళు తక్కువమంది కారు. డప్పు తిరిగి వచ్చింది గాని గుడి తలుపులోంచి రాలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ కూటానికి ప్రభుత్వం ఒక ధర కట్టింది. 1950 షెడ్యూల్డు కులాల ఉత్తరువు హిందువుకు తప్ప మరొకరికి ఆ హోదా లేదన్నది. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవుణ్ణి చేర్చలేదు. క్రైస్తవంలో కులం లేదు గనక క్రైస్తవుడికి కులం లేదని తర్కం. తర్కం చాలా శుభ్రంగా ఉంది. ఊరికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. 1985 జులై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపినప్పుడు చంపినవాళ్ళు ఎవరు ఏ కూటానికి పోతారని అడగలేదు. బతికి బయటపడ్డవాళ్ళు చీరాల చేరి చర్చి ఆవరణలో శిబిరం పెట్టుకున్నారు. అక్కడినుంచే దళిత మహాసభ లేచింది. ప్రార్థనకు కట్టిన ప్రాకారం లోపల సభలు జరిగాయి. 1991 ఆగస్టులో చుండూరులో ఎనిమిదిమంది మాలలను చంపారు, అక్కడా అంతే.

ఈ ధర ఎగ్గొట్టటానికి పల్లె ఒక ఉపాయం కనిపెట్టుకుంది. సంఘపు పుస్తకంలో ఒక పేరు, తాసీల్దారు కచేరీలో ఒక పేరు. ఏసేబు అక్కడ, ఏడుకొండలు ఇక్కడ. మా విద్యార్థుల్లో ఇలాంటి రెండు పేర్లవాళ్ళు ప్రతి సంవత్సరం ఉంటారు; హాజరు పిలిచేటప్పుడు ఒకటి, పక్క స్నేహితుడు పిలిచేది మరొకటి. దీన్ని మోసమనేవాళ్ళున్నారు. ఆదివారం పని మాననన్నవాడికే మేర ఇస్తానన్న ఆసామికీ, ఆదివారం కూటం మాననన్నవాడికి స్కాలర్‌షిప్పు ఇవ్వనన్న ప్రభుత్వానికీ తేడా చెప్పి, ఆ తరువాత మోసం సంగతి మాట్లాడాలి.

2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు గుంటూరు వైపు నుంచి ఒక కేసు వచ్చింది. కులం పేరుతో తిట్టి కొట్టారని ఒక పాస్టరు అత్యాచారాల నిరోధక చట్టం కింద పెట్టిన కేసు. ఆయన ఏళ్ళ తరబడి ఆదివారం ప్రార్థనలు నడుపుతున్నాడు గనక క్రైస్తవుడు, క్రైస్తవుడు గనక ఆ చట్టం ఆయనకు వర్తించదు, చేతిలో కుల ధ్రువపత్రం ఉన్నా సరే, అని కోర్టు కేసు కొట్టివేసింది. తిట్టినవాళ్ళు ఏ కులం పేరు పెట్టి తిట్టారన్నది ఫిర్యాదులో ఉంది. ఆయన ఆదివారం ఎక్కడ ఉంటాడన్నది తీర్పులో ఉంది.